మామిడి ఫ్యాక్టరీ కార్డులు

గ్రైండర్‌లో ఇడ్లీకి ఉద్దిపప్పు వేసి, అది నలిగేలోపు నళిని ముందుగదిలోకి వచ్చి కంప్యూటర్ దగ్గర కూర్చునేది. గ్రైండరు చప్పుడు మారితే లేచిపోయి నీళ్ళు చిలకరించి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని మళ్ళీ వచ్చేది. ఆ ఎండాకాలమంతా ఆమె రాత ముక్కలు ముక్కలుగానే సాగింది.

"ఇంట్లో ఊరికేనే కదా ఉండేది, కొంచెం చూడు" అని భర్త హేమంత్ అరచెయ్యంత డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అది స్మార్ట్ కార్డు రీడరు. హోసూరు బస్టాండు దగ్గర అతనికి కంప్యూటర్లు అమ్మే అంగడి ఉంది. కృష్ణగిరిలో మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఓనరు రామకృష్ణప్పకు, పనివాళ్ళ హాజరు కార్డుల మీద పడేటట్టు చేసిస్తానని మాటిచ్చి వచ్చాడు. ప్రోగ్రాం రాయడం అతనికి రాదు. నళినికి వచ్చు. పెళ్ళికి ముందు బెంగళూరులో ఆమె ఉద్యోగమే అది. "ఆఫీసూ సంసారమూ పొసగవు" అని మానిపించింది హేమంతే.

రీడరును నేరుగా అడిగితే పలకదు. దానికొక లైబ్రరీ ఉంది, ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట. దానిచేత అడిగించాలి. మొదట ఏయే రీడర్లున్నాయో కనుక్కోవాలి, తర్వాత కార్డుతో కలపమనాలి, అప్పుడు గానీ కార్డులోని నంబరు చెప్పమనకూడదు. ఒక్క అంకె తప్పినా ఉలుకూ పలుకూ ఉండదు. ఎక్కడ తప్పిందో పట్టుకునేలోపు పాలవాడు పిలిచేవాడు, లేదా అత్త పుట్టమ్మకు కాఫీ కావాల్సి వచ్చేది. మళ్ళీ కూర్చుంటే మొదటినుంచి ఆలోచించుకోవాలి. "లైబ్రరీ లైబ్రరీ అంటాదమ్మా, ఇంట్లో చూస్తే ఒక్క పుస్తకం లేదు. సాంబారు మాడింది మాత్రం నిజం" అని పుట్టమ్మ పక్కింటి అంజినమ్మతో అనడం వినబడినా నళినికి నవ్వు రాలేదు. నవ్వే ఓపిక కూడా లేదు. ఒక మధ్యాహ్నం కార్డు తన నంబరు తాను చెప్పింది. నళిని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సంగతి చెప్పుకుందామంటే ఇంట్లో వినే మనిషి లేదు. లేచిపోయి ఆరేసిన బట్టలు తెచ్చింది.

ఓనరుకు చూపించే రోజు ఫ్యాక్టరీ నుంచి హేమంత్ ఫోన్ చేశాడు. "ఏమే, ఇది పలకలేదే! ఆయప్ప ఎదురుగానే కూర్చోనుండాడు."

"తెర మీద ఏమొచ్చిందో చదవండి."

చదివాడు.

"రీడరుతో వచ్చిన సీడీ ప్రోగ్రాం తెరిచిపెట్టినారు. కార్డును అది పట్టుకోనుండాది. దాన్ని మూసేయండి."

మూసేశాడు. పలికింది. ఫోన్ పెట్టేయడం మరిచిపోయాడేమో, రామకృష్ణప్ప గొంతు వినబడింది. "ఎవురప్పా ఫోన్లో? బాగా తెలిసినోళ్ళ మాదిరి ఉండారే?"

"మా ఇంట్లో సార్. రాత్రికి ఏం వండేదని అడుగుతా ఉండాది."

నళిని రిసీవరు పెట్టేసింది.

సాయంత్రం అతను మైసూర్ పాకు తెచ్చాడు. "ఇంట్లో ఆడమనిషి రాసిందంటే ఎవురు నమ్ముతారే? బిజినెస్సు నిలబడాల గదా. నీకు తెలీదా ఏమి?" అన్నాడు. గదమాయించి ఉంటే ఆమె కూడా ఏదో ఒకటి అనేది. అంత మెత్తగా చెప్పేసరికి మైసూర్ పాకు పొట్లం విప్పి డబ్బాలో సర్దింది.

మామిడికాయల కాలం ముదిరాక ఒక ఉదయం మళ్ళీ ఫోన్ మోగింది. హేమంత్ సరుకు కోసం బెంగళూరు పోయి ఉన్నాడు.

"సార్ ఉండారామ్మా? ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి హేమావతిని. సార్ సెల్లు దొరకలేదు. ఎవురు కార్డు పెట్టినా పేరు రాలేదు. కాయలు కోసే ఆడోళ్ళంతా గేటు బయట ఎండలో నిలబడుండారు. కార్డు పడకుండా వాచ్‌మన్ లోపలికి ఇడవలేదు."

"రీడరు ఏమన్నా మార్చినారా?"

"నిన్న సార్ వచ్చి ఇంకొకటి పెట్టిపోయినారు. లోపలికి ఒకటి, బయటికి ఒకటి అని."

నళినికి అర్థమైంది. ఆమె ప్రోగ్రాం, ఉన్న రీడర్లలో మొదట కనబడిన ఒక్కదాన్నే అడుగుతుంది. ఇప్పుడు దానికి మొదట కనబడేది కొత్తది, అందరూ కార్డు పెట్టేదేమో పాతదానిలో. రెండోది పెడుతున్నట్టు హేమంత్ ఒక్క మాట చెప్పలేదు. రెండూ పలకాలంటే ఫోన్లో చెబితే తీరేది కాదు, అక్కడ కూర్చుని రాతే మార్చాలి.

"ఇంజినీరు ఎవురో చెప్పమ్మా, మేమే పిలుచుకుంటాము" అంది హేమావతి.

"నేనే. అది రాసింది నేనే. ఇప్పుడే బయల్దేరి వస్తాను. అంతవరకు ఆడోళ్ళ పేర్లు కాయితం మీద రాసుకోని లోపలికి పంపించండి. వాచ్‌మన్ అడిగితే ఇంజినీరు చెప్పిందని చెప్పండి."

పొయ్యి ఆపింది. చీర మార్చుకుని, ప్రోగ్రాం ఉన్న సీడీ సంచిలో వేసుకుంది. పుట్టమ్మ గడప దగ్గరికి వచ్చింది.

"యాడికే?"

"కృష్ణగిరికి అత్తా. బియ్యం కడిగిపెట్టినాను, మీరు ఎక్కించుకోండి."

"నేనా?" పుట్టమ్మ నోరు తెరిచి చూసింది. "వాడొచ్చి అడిగితే ఏమని చెప్పేది?"

నళిని చెప్పులు వేసుకుని, వీధి తలుపు తెరిచింది.

"పనికి పోయిందని చెప్పండి."