వెనక కట్టిన బరువు

లారమీ దాటాక గాలి మొదలైంది. గాలితో పాటే క్లేటన్ నోరూ మొదలైంది.

"ఇంకా మించిపోలేదు వదినా. రాలిన్స్‌లో ఆపేద్దాం. ట్రైలర్‌ కొనేవాడు అక్కడే ఉన్నాడు."

స్టీరింగు పట్టుకున్న వెర్నా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. భర్త వెండెల్ పోయి పది నెలలు. ఇరవై రెండేళ్లు అతను బండి తోలితే ఆమె పక్క సీట్లో కూర్చుంది. ఈ వేసవికి సరస్సు దగ్గర క్యాంపు మైదానం చూసుకునే పని ఒప్పుకుంది. అక్కడ ఉండాలంటే బండి వెనక తగిలించుకునే ఇల్లులాంటి ట్రైలర్ సొంతంగా తెచ్చుకోవాలి. అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్నది కనక మరిది ఒక మెలిక పెట్టాడు. దారిలో ఒక్కసారి ఆమె చెయ్యి తడబడినా తాళాలు అతనికిచ్చేసి, ట్రైలర్ అమ్మకానికి ఒప్పుకోవాలి. రోషం కొద్దీ సరేనంది.

పొద్దున బయల్దేరేటప్పుడే రగడ అయింది. అతను జనరేటర్ తెచ్చి ట్రైలర్ వెనక బంపరు మీద కట్టాడు.

"బరువు ముందుండాలి క్లేటన్. వెనక బరువైతే ఊగుతుంది."

"నలభై ఏళ్లుగా లాగుతున్నా. నాకు నేర్పుతావా?"

బయల్దేరే వేళ గొడవెందుకని ఊరుకుంది. అలా ఊరుకున్నందుకు ఇప్పుడు తన మీద తనకే ఒళ్లు మండుతోంది.

ఎల్క్ కొండ దగ్గర పల్లంలో పెద్ద లారీ ఒకటి రయ్యిమని దాటేసింది. ట్రైలర్ వెనక భాగం అటు గుంజింది, ఇటు గుంజింది. మూడో ఊపుకి దాన్ని లాగుతున్న పికప్ బండి వెనక చక్రాలే పక్కకి జరిగాయి.

"స్పీడు పెంచు! పెంచితే అదే తిన్నగా వస్తుంది! అన్నయ్య అలాగే చేసేవాడు!"

చేసేవాడు. అలా చేసే ఒకసారి ఇద్దర్నీ రోడ్డు పక్క గోతిలో దించాడు. ఆ సంగతి తమ్ముడికి మాత్రం చెప్పుకోలేదు.

"పెంచను."

"అయితే బ్రేకైనా తొక్కు, చచ్చిపోతాం!"

"నోర్ముయ్!"

యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసింది. బ్రేకు జోలికి పోలేదు. స్టీరింగు అటూ ఇటూ తిప్పకుండా తిన్నగా బిగించి పట్టుకుంది. డ్యాష్‌బోర్డు కింద ట్రైలర్ బ్రేకులకు మాత్రమే పనిచేసే చిన్న మీట ఉంది. వెండెల్ ఏనాడూ ముట్టుకోలేదు దాన్ని. ఈ చలికాలమంతా ఖాళీ బడి ఆవరణలో ఆమె సాధన చేసింది దాని మీదే. బొటనవేలితో మెల్లగా నొక్కింది. వెనకనుంచి ఎవరో పట్టి లాగినట్టయింది. ఊపు తగ్గింది, ఇంకా తగ్గింది, ఆగింది. ఆమెకు భయం వేసింది. కానీ భయం కన్నా కోపమే ఎక్కువగా ఉంది.

తర్వాతి మలుపులో హైవే దిగి, చదునైన చోట ఆపింది.

"చెప్పు. నా చెయ్యి తడబడిందా?"

క్లేటన్ ముఖం పాలిపోయింది. "లేదు. కానీ ఇక్కణ్ణించి నేను తోలతాలే."

"నువ్వు తోలేదేం లేదు. దిగి జనరేటర్ విప్పు. పికప్‌లో వేద్దాం."

విప్పాడు. దాని వెనక, ట్రైలర్ గోడకి ఆనించి, ఒక రేకు బోర్డు బయటపడింది. ఎర్ర అక్షరాలతో 'అమ్మకానికి' అని రాసి ఉంది. రంగు ఇంకా కొత్తగా మెరుస్తోంది. క్లేటన్ చెవులు కందిపోయాయి.

"వదినా, అది..."

"పారెయ్యకు. పికప్‌లో అడుగున పరిచి, దాని మీద జనరేటర్ పెట్టు. బండికి గీతలు పడకుండా ఉంటుంది."

"నా ఒక్కడివల్ల కాదు, ఓ చెయ్యి వెయ్యవా?"

"నలభై ఏళ్లుగా లాగుతున్నావుగా, లాగు."

అతను మూలుగుతూ ఎత్తి పెట్టేదాకా, తాళాలు పిడికిట్లో బిగించుకుని ఆమె అక్కడే నిలబడింది.