తీగ కింది వరుస

ఎండ నడినెత్తికొచ్చినా ట్రాక్టర్ ట్రాలీ ఇంకా నిండలేదు. గంగక్క నెత్తి మీది పామాయిల్ గెలను ట్రాలీలోకి తోసి, మెడలో గుచ్చుకున్న ముల్లు పీక్కుంది. అశ్వారావుపేట దగ్గరి ఈ తోటలో ఆమె గెలలు మోస్తుంది, మొగుడు పగిడయ్య కోస్తాడు. పొడుగాటి అల్యూమినియం గొట్టం చివర కొడవలి బిగించి, తలెత్తి, మట్టల సందున గురిచూసి లాగాలి. మెడలు విరిగే పని.

ఇక కోయాల్సింది ఒక్క వరుసే. దాని మీదుగా కరెంటు తీగ పోతుంది. రెండు నెలల కింద ఆ వరుసలోనే తోటి కూలీ దూలయ్య గొట్టం తీగకు తగిలింది. మనిషి కింద పడేసరికే ప్రాణం లేదు.

తోట యజమాని వెంకటేశ్వరరావు అందుకు కారణం కనిపెట్టాడు. కరెంటు ఆపించకపోవడం కాదట, దూలయ్యకు ధైర్యం చాలకపోవడమట. భయపడ్డాడు, చెయ్యి వణికింది, గొట్టం పక్కకు ఒరిగింది. చచ్చినవాడు లేచి కాదనలేడు గదా! అంతటితో ఆగక, కూలీలకు ధైర్యం నేర్పడానికి ఖమ్మం నుంచి ఒక సారును కూడా పిలిపించాడు. ఆ సారు మంచివాడే. అందరినీ షెడ్డులో నిలబెట్టి, గుండె మీద చెయ్యి వేయించి, "నాతో అవుతుంది" అని అరిపించాడు. గంగక్క నవ్వులాటకు మొదలుపెట్టింది గానీ చివరికొచ్చేసరికి నిజంగానే అరిచింది. నీతో అవుతుందని బుద్ధెరిగాక ఆమెకు ఎవరు చెప్పారు కనుక!

ఆ మాట ఇవాళ ఇలా తమ మీదికే తిరిగొస్తుందని ఆమె అనుకోలేదు.

మోటార్‌సైకిల్ దిగిన వెంకటేశ్వరరావు రాలిన పండ్లను చెప్పుతో పక్కకు నెట్టాడు.

"ఇంకా నుంచునే ఉన్నావేంటి పగిడయ్యా? పండంతా రాలిపోతోంది. ఆ వరుస కూడా కోసెయ్, బండి మిల్లుకు పోవాలి."

"కరెంటు తీపియ్యుండ్రి సారూ."

"లైన్‌మెన్ కోసం కూర్చుంటే ఇవాళ అయినట్టే! జాగ్రత్తగా కోస్తే ఏమీ కాదు."

పగిడయ్య రెండు చేతులూ ముందుకు చాపాడు. "నాతోని కాదు సారూ. చేతులు వణుకుతున్నయి, సూడుండ్రి."

ఆ చేతుల సంగతి గంగక్కకు తెలుసు. పేదవాడికి వద్దనే హక్కు ఎవరిచ్చారు? కాదనాలంటే నడుము నొప్పి అనాలి, కళ్లు కనపడవనాలి, చేతగానివాణ్ణి దొరా అని వంగాలి. పగిడయ్య తండ్రీ అలాగే బతుకు వెళ్లదీశాడు. ఇన్నాళ్లూ ఆ అబద్ధమే వాళ్లను కాపాడింది.

వెంకటేశ్వరరావు నవ్వాడు. "అదేంటయ్యా, మొన్న షెడ్డులో అందరికంటే గట్టిగా అరిచావ్ కదా, నాతో అవుతుందని? నీ మీద నీకే నమ్మకం లేకపోతే ఎట్టా? ఆ భయం తీసెయ్, అదే అవుద్ది."

పగిడయ్యకు ఉన్న ఒక్క సాకూ చేజారిపోయింది. తల వంచుకుని గొట్టం అందుకున్నాడు. దూలయ్య పెళ్లాం భీమక్క ఆనాడు ఈ మట్టిలోనే పడి పొర్లిన తీరు గంగక్క కళ్ల ముందుకొచ్చింది.

గబగబా వెళ్లి మొగుడి చేతిలోని గొట్టం లాగి కింద పడేసింది.

"అయితది సారూ," అంది. "మా ఆయనతోని అయితది. ఈ తోటంత కోసింది ఆయనే గద. గని కొయ్యడు. కరెంటు తీసేదాంక గా వరుస కొయ్యం."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఆమెకే అనుమానం వచ్చింది.

వెంకటేశ్వరరావు మొహం మాడిపోయింది. "అయితే రేపట్నుంచి ఇద్దరూ తోటలోకి రావద్దు. నేనిచ్చిన గుడిసె కూడా ఖాళీ చెయ్యండి."

పగిడయ్య పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు. "ఏం పని చేసినవే! ఇంకో మాట బతిమాలితే వదిలేటోడు గద. ఇప్పుడు యాడికి పోదం? ఏం తిందం?"

"ఎన్నొద్దులు బతిమాలుతం?" గంగక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "లేని వణుకు ఉన్నదని చెప్పి చెప్పి, ఇప్పుడు బువ్వ తినంగ కూడ నీ చేతులు వణుకుతున్నయి. నేను సూస్తలేననుకున్నవా?"

పగిడయ్య చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు.

"లాల్‌సింగ్!" యజమాని కేకేశాడు. "నువ్వు రా. గొట్టం పట్టుకో."

ట్రాలీ పక్కన గెలలు సర్దుతున్న కూలీ లాల్‌సింగ్ ముందుకొచ్చాడు. చిన్న చిన్న పిల్లలున్నవాడు. తీగను చూశాడు, యజమానిని చూశాడు. మెల్లగా ఒంగి మోకాలు పట్టుకున్నాడు.

"సారూ, నా మోకాలు..."

"నీ మోకాలు మంచిగనే ఉన్నది తమ్మీ," అంది గంగక్క.

లాల్‌సింగ్ ఆమె వైపు కోపంగా చూశాడు. ఆ కోపంలో అన్యాయమేమీ లేదు. ట్రాక్టర్ ఇంజన్ ఆగకుండా కొట్టుకుంటోంది. కూలీలంతా అతని చేతినే చూస్తున్నారు. చాలాసేపటికి అతను మోకాలి మీది చెయ్యి తీసి నిటారుగా నిలబడ్డాడు. కాళ్ల దగ్గర పడి ఉన్న గొట్టం కోసం మాత్రం వంగలేదు.