పైవాడి కడుపు

పనిచేసే చోట అతన్ని అందరూ పైవాడంటారు. దేవుడని కాదు, క్రేన్ నడుపుతాడని. పొద్దున్నే నిచ్చెన పట్టుకుని ఎక్కితే పొద్దుగూకాకే దిగడం. పైన గదిలో కుర్చీ ఉంది, మీటలున్నాయి, వాకీటాకీ ఉంది, కింద నుంచి చిన్న సామాను లాక్కునే తాడుంది. మరుగుదొడ్డి లేదు. అందుకని పైన నీళ్ళు ముట్టడు. గొంతు పిడచకట్టినా ఇన్నేళ్ళలో ఒక్క సీసా మోసుకెళ్ళింది లేదు.

పంటికి చీముపట్టి దవడ బంతిలా ఉబ్బింది. డాక్టరు యాంటీబయాటిక్ రాశాడు, కడుపు పాడవకుండా మంచి క్రిముల క్యాప్సూలూ రాశాడు. ఇతను రెండూ కలిపి కిందే గుటుక్కున మింగి ఎక్కేవాడు. విరేచనాలు పట్టుకున్నాయి. పని మధ్యలో దిగాల్సొచ్చింది. కింద ఇనుప కమ్మి ఎక్కడిదక్కడే ఆగింది.

"ఇంకోసారి దిగావా, కొత్తవాణ్ణి ఎక్కిస్తా," అన్నాడు సూపర్వైజరు.

ఆ కుర్చీ పోతే అతనికి కూర్చోవడానికి మంచం తప్ప ఏదీ లేదు.

సాయంత్రం మందుల షాపు అమ్మాయి తల పట్టుకుంది. "రెండూ కలిపి మింగుతున్నారా బాబాయ్? క్రిముల్ని చంపే మందుకి మంచీ చెడ్డా తెలుస్తాయా? మంచి క్రిములూ చస్తాయి. యాంటీబయాటిక్ వేసుకున్నాక రెండు గంటలాగి క్యాప్సూల్ వేసుకోండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికెళ్ళండి. ఇంట్లో గుర్తుచేసేవాళ్ళున్నారా?"

"లేకేం," అన్నాడు. ఇంట్లో ఉన్నది గోడగడియారం. అదీ ఆగిపోయి చాన్నాళ్ళయింది.

మర్నాడు యాంటీబయాటిక్ మింగి, క్యాప్సూల్ జేబులో వేసుకుని ఎక్కాడు. వేళకి నోట్లో వేసుకుంటే ఉమ్మి లేదు. అంగిలికి అతుక్కుంది. అరచేతిలోకి తీసుకుని చూస్తూ కూర్చున్నాడు. నీళ్ళు అడగాలంటే వాకీటాకీలోనే అడగాలి. కింద నుంచి పని చెప్పేది బామ్మర్ది. వాళ్ళక్క ఇతన్నొదిలి పుట్టింటికెళ్ళిపోయిన నాటి నుంచి వాడి నోట బావ అన్న మాట లేదు. క్రేన్ అంటాడు. ఎత్తు, దించు, ఆపు. చుట్టరికం అంతవరకే మిగిలింది.

మీట నొక్కాడు. "నీళ్ళు కావాలి."

కాసేపు గరగర. మేస్త్రీ అందుకున్నాడు. "పైవాడికే కరువొస్తే ఇక మనకి వానలేం పడతాయిరా."

నవ్వులు.

"దేనికి?" అన్నాడు బామ్మర్ది.

"మాత్రకి. కడుపు బాలేదు."

"దిగుతాడా ఏంటి? కొత్తవాణ్ణి పిలవనా?" సూపర్వైజరు గొంతు.

"అక్కర్లేదు. రేపూ ఈయనే," అన్నాడు బామ్మర్ది. "తాడు దించు, క్రేన్."

దించాడు. కింద కట్టిన సీసాని పైకి లాక్కున్నాడు.

"చల్లవి పెట్టలేదు. పంటికి తగిలితే జివ్వుమంటుంది."

పన్ను సంగతి బామ్మర్దికెవరూ చెప్పలేదు. దవడ చూసుంటాడు. అంటే, మొహంకేసి చూశాడన్నమాట.

క్యాప్సూల్ మింగాడు. తర్వాత సంగతి తర్వాతని నీళ్ళన్నీ తాగేశాడు. "మింగాను," అన్నాడు. మీ అక్కెలా ఉందిరా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఊరంతా వినే వాకీటాకీలో ఎలా అడుగుతాడు.

"సరే. కమ్మి కట్టారు. ఎత్తు, క్రేన్."

ఎత్తాడు. కింద అన్నీ పసుపు టోపీలే. వాటిల్లో వాడిదేదో అంత పైనుంచి పోల్చుకోలేకపోయాడు.