బొంత నడక

నల్లగండ్లలోని ఆ ఫ్లాట్‌లో పొద్దున్నే రెండు తలలు దువ్వాలి. ముందు కూతురు నవ్యకు రెండు జడలు వేసి, ఆ తర్వాత ఎలుగుబంటి పిల్ల బొంతకు చిక్కులు తీసేది భానుశ్రీ. ఒక బొమ్మల సినిమా కోసం బొంతను గీసింది ఆమే. ఆ సినిమా థియేటర్లలో ఆడినన్నాళ్లు ఆడి వెళ్లిపోయాక, అది తెర దిగి ఆమె వెంట ఇంటికొచ్చేసింది. లిఫ్టులో వెంట్రుకలు రాలుస్తోందని వాచ్‌మన్ ఎల్లయ్య గొణుక్కోవడమే తప్ప, అపార్ట్‌మెంట్‌లో ఎవరూ దాన్నొక వింతగా చూడలేదు.

నవ్యకు పుట్టుకతోనే ఎడమకాలు పొట్టి. ఆ పిల్ల తొలి అడుగులు చూసే భానుశ్రీ బొంత నడక గీసింది. కుంటుకుంటూనే కొండెక్కిన బొంతంటే పిల్లలందరికీ ప్రాణం.

రెండో భాగం నాటికి భానుశ్రీ ఆ సినిమా తీసిన మాదాపూర్ కంపెనీ మానేసింది. వాళ్లు దాన్ని థియేటర్లకు పంపకుండా నేరుగా వీడియోగా వదిలారు. ఆదివారం సాయంత్రం ముగ్గురూ సోఫాలో కూర్చుని పెట్టుకున్నారు. బొమ్మలు అతికించినట్టున్నాయి. పాటలు చెవిన నిలవలేదు. పోనీలే అనుకుంటుండగా, తెరమీది బొంత ఒక మాయ ఊటలో నీళ్లు తాగింది. కాలు చక్కగా సాగిపోయింది. అడవంతా చప్పట్లు కొట్టింది. ఇప్పుడు నువ్వు మంచి ఎలుగువయ్యావంది కుందేలు.



"అమ్మా, మరి నాది ఎప్పుడు బాగవుతాది?"

నవ్య ఆ మాట అడగడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. భానుశ్రీ స్వామికి ఫోన్ చేసింది. ఒకప్పుడు ఆమె పక్క సీట్లో కూర్చుని గీసినవాడు, ఈ రెండో భాగం తీసిందీ అతనే.

"టైం ఇయ్యలేదక్కా. కుంటుడంటే మస్తు గీయాలె. సక్కగ నడిస్తే ఒక్క అడుగునే తిప్పితిప్పి వాడుకోవచ్చు."

ఆమె ఫోన్ దించేసరికి బొంత సోఫా దిగింది. నవ్య అరచేతిలో కాసేపు ముక్కు ఆనించింది. కుంటుకుంటూ టీవీ దాకా నడిచి లోపలికెళ్లింది. భానుశ్రీ చెయ్యి చాచేలోపే దాని వెనక కాలు కూడా మాయమైంది. తెరమీద నిటారుగా నడిచే బొంత జాడ లేదు. ఉన్నది వీళ్ల బొంతే. ఊట దగ్గర ఆగి, నీళ్లు వాసన చూసి, తాగకుండానే కొండదారి పట్టింది. సినిమా అయిపోయినా తిరిగి రాలేదు. నవ్య ఏడ్చి ఏడ్చి సోఫా మీదే నిద్రపోయింది.

ఆ వీడియో ఎవరింట్లో పెట్టినా ఇప్పుడు బొంత అలాగే నడుస్తోందని మర్నాడు స్వామి చెప్పాడు. పాటలు మాత్రం బాగుపడలేదట.

కొన్నాళ్లకు కూతుర్ని తీసుకురావడానికి స్కూలుకెళ్లిన భానుశ్రీ గేటు దగ్గరే కొయ్యబారిపోయింది. నవ్య వెనకాల క్లాసు పిల్లలంతా వరసగా కుంటుతున్నారు. వెక్కిరిస్తున్నారనుకుని పరుగెత్తబోయింది. అంతలో నవ్య వెనక్కి తిరిగి, ఒకడి భుజం పట్టుకుని సరిచేసింది.

"అట్ల కాదురా. ముందు భుజం వంగాల, తర్వాతే కాలు. లేకుంటే కొండెక్కలేవు."

వాడు బుద్ధిగా మళ్లీ మొదటి అడుగు నుంచి మొదలుపెట్టాడు.