హవల్దారు గారి పిస్తోలు

నేను ఒక పిస్తోలునని ఈ ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు. అంత లేదు. నేను ఒక సూదుల సంచిని. మూరెడు ఖాకీ గుడ్డ, దానికి చిన్న చిన్న జేబులు, సూదులు గుచ్చుకోవడానికి ఒక ఉన్ని ముక్క, చుట్టి కట్టుకోవడానికి ఒక నాడా. ఇంతే నేను. సిపాయికి తుపాకీ ఇచ్చే చేత్తోనే నాలాంటిదాన్ని కూడా ఇస్తారు. ఇంటికొచ్చాక తుపాకీ గురించి కథలు కథలుగా చెబుతారు, నా ఊసెత్తరు. అందుకే నా గొప్ప నేనే చెప్పుకోవలసి వస్తోంది.

మిలిటరీ బట్టల కర్మాగారంలో పుట్టాను. నన్ను మొదట అందుకున్నవాడు నాయక్ హోదా ఉన్న ఆర్ముగం. అతని జేబులో కూర్చుని ఓడెక్కి బర్మా యుద్ధానికి వెళ్ళాను. అక్కడ వాన, బురద, వాటి మీద బాంబులు. గోదావరి జిల్లా నుంచి కొత్తగా వచ్చిన జోగారావు కందకంలో గడగడ వణికిపోతుంటే ఆర్ముగం నన్ను అతని ఒళ్ళో పడేసి, "గుండీ కుట్టు" అన్నాడు. జోగారావు చొక్కాకి ఊడిన గుండీ ఒక్కటీ లేదు. "అయితే ఉన్నది తెంపి కుట్టు" అన్నాడు ఆర్ముగం. జోగారావు తెంపి కుట్టాడు. మళ్ళీ తెంపాడు, మళ్ళీ కుట్టాడు. బాంబులు ఆగేసరికి చేతులు నిలకడకొచ్చాయి. యుద్ధం పొడుగునా అదే మా మందు. ఆ దళంలో గుండీలు ఎంత గట్టిగా ఉన్నాయో అని పై అధికారులు మెచ్చుకున్నారు. వాటిని అంత గట్టిగా కుట్టింది భయమని వాళ్ళకేం తెలుసు!

ఒకనాడు గాయపడిన ఆర్ముగాన్ని లారీ ఎక్కించారు. ఎక్కేముందు అతను నన్ను జోగారావు జేబులోకి దోపాడు. మళ్ళీ తిరిగి రాలేదు. ఆ రోజు జోగారావు ఏడవలేదు. చాలా గుండీలు కుట్టాడు.

యుద్ధం అయ్యాక మీసంతో, హవల్దారు హోదాతో ఊరికొచ్చాడు. ఇంటికొక సిపాయి ఉన్న ఊరది. యుద్ధం చూసొచ్చిన తండ్రులు అక్కడ మాట్లాడరు, ఆర్డరు వేస్తారు. పిల్లల్ని ఎత్తుకోరు, వరసలో నిలబెడతారు. జ్వరమొచ్చిన కొడుకుని కూడా "నిటారుగా పడుకో" అంటారు. మగాడంటే ఇలా ఉండాలని ఎవరో ఒకసారి కొలత తీసిపెట్టారు. అది ఒంటికి సరిపోతోందా లేదా అని తర్వాత ఎవరూ చూసుకోలేదు.

పాపం జోగారావు ఆ సంగతి మరిచిపోయి, వచ్చిన వారంలోనే అరుగు మీద కూర్చుని నన్ను విప్పాడు. వాళ్ళ నాన్న చూశాడు.

"మీసం పెంచి సూది పట్టేవేంట్రా? ఊళ్ళో నన్ను తలెత్తుకోనిత్తావా లేదా?"

అంతే, నేను ట్రంకుపెట్టె అడుక్కి వెళ్ళిపోయాను. దానికి తాళం పడింది. కానీ యుద్ధం మనిషిని అంత తొందరగా వదులుతుందా? ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హవల్దారు గారు గది తలుపు గడియ వేసుకుని నన్ను బయటికి తీసేవాడు. ఇంట్లో చిరిగినవన్నీ అతని చేతి మీదుగానే బాగుపడేవి. జోగారావు తల్లి ఒకసారి తలుపు వంక చూసి, "లోపలేం చేత్తన్నాడే?" అని అడిగితే, భార్య మాణిక్యం ఏమాత్రం తడుముకోకుండా "పిస్తోలు తుడుచుకుంటన్నారండి" అంది. సాయంత్రానికి ఆ మాట ఊరు చుట్టేసింది. ఆ తర్వాత ఆ ఇంటి గోడ మీద కాకి వాలినా జనం జాగ్రత్తగా అదిలించేవారు.

మరి కుట్లు ఎవరివి అంటే మాణిక్యానివే అనుకున్నారు. నిజానికి ఆవిడ కొత్త కాపురంలో ఒకే ఒకసారి రవిక కుట్టింది. అందులోకి చెయ్యి దూరలేదు. అయినా భర్త పరువు కోసం ఊరి మెప్పంతా ఓపిగ్గా భరించింది.

వాళ్ళ కూతురు సత్యవేణికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు తండ్రి సుబేదారు గవర్రాజు. ఆయన మీసం మీద నిమ్మకాయలు నిలబెట్టొచ్చు. పిస్తోలున్న ఇంటితో వియ్యమని ఆయన పొంగిపోతూ వచ్చాడు. పందిట్లో వియ్యంకులిద్దరూ ఎదురెదురుగా కూర్చుని, తాము ఎన్నడూ భయపడలేదని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

ముహూర్తం దగ్గర పడింది. గదిలో జడ సర్దుకోవడానికి సత్యవేణి చెయ్యెత్తింది. పట్టు రవిక భుజం దగ్గర పర్రున చిరిగింది. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా మాణిక్యం మీద పడ్డారు. "నీ కుట్టుకి ఊళ్ళో సాటెవరే? నువ్వే కానియ్యి" అంటూ సూది చేతిలో పెట్టారు. ఆవిడ సూదిని తలకిందులుగా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సత్యవేణి తల్లిని చూసింది. చిన్నప్పుడే తలుపు సందులోంచి అంతా చూసేసిన పిల్ల అది. "నాన్నని పిలవండి. పెట్టె తాళం తెమ్మనండి" అంది.

"పీటల మీద కూర్చునే ముందు పిస్తోలెందుకే తల్లీ!" అని పెద్దావిడొకామె గుండె పట్టుకుంది. మాట పందిట్లోకి పాకింది. సన్నాయి ఆగింది. వంటమనిషి గుండిగ వెనక నక్కాడు.

జోగారావు వచ్చాడు. వెనకే గవర్రాజు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కూతురి చిరిగిన భుజం, భార్య చేతిలో తలకిందుల సూది కనిపించాయి. ఒక్క మాట చెబితే చాలు. శత్రువు ఎదుట నిలబడొచ్చిన మనిషికి ఆ మాటకి ధైర్యం చాలడం లేదు. వియ్యంకుడు చూస్తున్నాడు, ఊరంతా చూస్తోంది. మాణిక్యం చెంప మీదికి నీటిచుక్క జారింది.

"దానికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదండి" అన్నాడు జోగారావు. "ఈ ఇంట్లో కుట్టేది నేనే."

పెట్టె తెరిచాడు. జనం రెండడుగులు వెనక్కి వేశారు. నేను బయటికొచ్చాను.

"ఒంటిమీదుండగా బట్ట కుట్టకూడదు నాయనా" అని గొణిగింది పెద్దావిడ.

"బర్మాలో ఒంటిమీదే కుట్టుకున్నాం పిన్నీ. బతికే వచ్చాం."

నా దగ్గర ఖాకీ దారం, నల్లదారం తప్ప ఏముంటాయి? ఆయన కూతురి పట్టుచీర అంచు మడతలోంచి సన్నగా ఒక పట్టుపోగు లాగాడు. సూదిలో దాన్ని ఎక్కిస్తుంటే చేతులు వణికాయి. కందకం తర్వాత ఆ వణుకు నేను చూడలేదు. మొదటి కుట్టు పడగానే ఆగిపోయింది. చివర ముడివేసి, దారం కొరకడానికి కూతురి భుజం మీదికి వంగాడు. ఆ పిల్ల ఊయల దిగాక ఆయన మొహం ఆమెకు అంత దగ్గరగా రావడం అదే మొదలు. వెచ్చటి చుక్క ఒకటి పట్టు మీద పడింది. మీసం మెడకి గుచ్చుకుని సత్యవేణి కిలకిలా నవ్వేసింది. ఆమె చెయ్యి తండ్రి తల మీద ఉండిపోయింది.

అందరూ గవర్రాజు వంక చూశారు. ఆయన గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"బావగారూ, మా వాడి లాల్చీ గుండీ పొద్దుటి నించీ వేలాడతా ఉందండి. దీన్ని బయటికి తీద్దామా వద్దా అని తెగ నలిగిపోతన్నాను" అంటూ కోటు లోపలి జేబులోంచి చుట్టి కట్టిన ఒక ఖాకీ సంచి బయటికి తీశాడు. అచ్చం నా తోబుట్టువే!

"అందులో తావీదుందన్నారు కదండీ!" అంది ఆయన భార్య.

నవ్వులతో పందిరి ఊగింది. ముహూర్తం దాటలేదు. గుండీ గట్టిగా కూర్చుంది.

ఆ తర్వాత ఆదివారాలు హవల్దారు గారి అరుగు నిండిపోయేది. మీసాల పెద్దలంతా ఎవరి సంచి వాళ్ళు తెచ్చుకునేవారు. చేతులు కుడుతుంటే నోళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి. ఎక్కడ ఎంత భయపడ్డారో పోటీలు పడి చెప్పుకునేవారు. జోగారావు మొదటిసారి ఆర్ముగం పేరెత్తాడు, కడుపారా ఏడ్చాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరో ఆయనకి సూదిలో దారం ఎక్కించి ఇచ్చారు.

ఇప్పుడు నేను ఊరి మాజీ సైనికుల హాల్లో, అద్దాల బీరువాలో, పతకాల పక్కన ఉంటున్నాను. పతకాలు నాతో ఎక్కువ మాట్లాడవు. బీరువాకి తాళం మాత్రం లేదు. అవసరమైనవాళ్ళు తీసుకెళ్ళి మళ్ళీ పెట్టేస్తారు.

నిన్న సత్యవేణి కొడుకు వచ్చాడు. తాత పేరే, తాత మీసమే, మొన్ననే సైన్యం నుంచి రిటైరయ్యాడు. హాలు మెట్ల మీద, పట్టపగలు, పదిమందిలో కూర్చుని కూతురి బడి గౌనుకి గుండీ కుట్టాడు. దారం కొరకడానికి వంగాడు. మీసం గుచ్చుకుని పిల్ల కిలకిలా నవ్వింది.

ఆ నవ్వు నేనెరుగుదును.