చవక చందా

ఉదయ్ భాస్కర్‌ని పిసినారి అంటే ఒప్పుకోడు. జాగ్రత్తపరుడు అనాలట. చెల్లెలి పెళ్లికి మారుమాట లేకుండా లక్షలు తీసి ఇచ్చిన మనిషే, కొత్తిమీర కట్ట దగ్గరా ఫోన్ యాప్‌ల చందాల దగ్గరా మాత్రం ప్రాణం పెట్టి పోరాడతాడు. ఏనుగులు పోయే దారి వదిలేసి చీమలు దూరే కంతకు కాపలా కాసే రకం అని అతని భార్య రసజ్ఞ అనుకుంటుంది. పైకి అనదు. అంటే ఆ పూటంతా లెక్కలు వినాలి.

రసజ్ఞకు కార్ల రేసులంటే పిచ్చి. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ వార్డెన్ భ్రమరాంబ గారు ఆదివారం సాయంత్రం సీరియళ్లు లేక టీవీ వదిలేస్తే, ఆడపిల్లలు సినిమా పెట్టమని గోల చేస్తుంటే, రిమోట్ చీర కొంగులో దాచుకుని రేసు చూసిన మనిషి. ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక బ్యాంకు ప్రాజెక్టుకి టెస్ట్ లీడ్. వారమంతా క్లయింటు కాల్స్, కూకట్‌పల్లి ట్రాఫిక్, ఇంటికొచ్చాక వంట. రేసు ఉన్న ఆదివారం ఆ రెండు గంటలూ మాత్రం ఆమెవి.

అందులోనూ ఆమెకొక ఇష్టుడు ఉన్నాడు. పోటీలో అందరికంటే వయసులో పెద్ద. పేరు నోరు తిరగదు కాబట్టి ‘పెద్దాయన’ అంటుంది. హాస్టల్ రోజుల్లో కుర్రాడిగా అతను గెలుస్తుంటే చూసింది, ఈ మధ్య కొన్నేళ్లుగా వరసగా ఓడుతుంటే కూడా చూస్తూనే ఉంది. ఈ సీజన్‌తో మానేస్తానని ఆయన ప్రకటించినప్పుడు వంటగదిలో నిలబడి ఏడ్చింది. ఉల్లిపాయలు అనుకున్నాడు ఉదయ్.

సీజన్ మొదట్లో రేసులు చూపించే యాప్ చందాకి ఆమె పూర్తి రేటు కట్టబోతుంటే ఉదయ్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగు ఆగు. ఈ రేటు కట్టేవాళ్లు అమాయకులు రసా. వేరే దేశంలో ఇదే పావు వంతు రేటుకి ఇస్తున్నారు."

ఏదో చిన్న దేశంలో చవకట. టీవీ ఆ దేశంలో ఉన్నట్టు నమ్మించే యాప్ ఒకటి, ఆ దేశపు గిఫ్ట్ కార్డు ఒకటి, వాటి కోసం నాలుగైదు సాయంత్రాలు. కొండను తవ్వి ఎలుకను పట్టి, ఆ ఎలుకను తెచ్చి గర్వంగా ఆమె చేతిలో పెట్టాడు. అకౌంటు ఆమె పేరు మీదే, ఫోన్ నంబరూ ఆమెదే. ‘నీ పిచ్చే కదా’ అన్నాడు.

రేసు వచ్చింది గానీ వ్యాఖ్యానం ఆ దేశపు భాషలో వచ్చింది. ఇంజిన్ల చప్పుడు మీద ఎవరో ఇద్దరు అర్థం కాని భాషలో పోట్లాడుకుంటున్నట్టు ఉండేది. మార్చే వీలు లేదు. రసజ్ఞ సౌండు తీసేసి చూడటం అలవాటు చేసుకుంది. మూగ కార్లు గిరగిరా తిరుగుతుండేవి. "చూసేదానికి వినడమెందుకు?" అన్నాడు ఉదయ్. అంతటితో ఆగితే బాగుండేది.

ఆ చందాతో ఒకేసారి రెండు తెరల మీద చూడొచ్చు కదా, ఒకటి ఊరికే పోతోందని అతనికి నిద్రపట్టలేదు. ఆఫీసులో తన టీమ్‌లో పనిచేసే హరితతో సహా నలుగురిని కలుపుకుని తలా కాస్త డబ్బు వసూలు చేశాడు. ఆ రెండు తెరల మీదా ఎవరు ఏ రేసు ప్రత్యక్షంగా చూడాలో, ఆఫీసులో సపోర్టు డ్యూటీలు వేసినట్టే వంతులు వేశాడు. తను టీమ్ లీడ్ కదా, వంతులు వెయ్యడం రాకుండా ఎలా ఉంటుంది? ఆ వంతుల్లో రసజ్ఞ బెంచ్ మీద ఉంది. ఏ ప్రాజెక్టూ లేక కూర్చున్న ఉద్యోగిని సాఫ్ట్‌వేర్ కంపెనీల భాషలో అలా అంటారు.

"నా అకౌంటులో నేనే బెంచా?"

"వాళ్లు డబ్బులిచ్చారు రసా, బాగుండదు. నువ్వు ఇంటి మనిషివి. మర్నాడు రీప్లే చూసుకో."

ఇంటి మనిషి కావడం ఎంత నష్టమో ఆమెకు ఆ సీజన్ అంతా తెలిసొచ్చింది. మర్నాడు రీప్లే చూద్దామంటే పొద్దున్నే లిఫ్టులోనే ఎవడో ఒకడు ఎవరు గెలిచారో చెప్పేసేవాడు. అయినా పోనీలే అనుకుని ఒక్కటే అడిగింది.

"చివరి రేసు మాత్రం నాకు కావాలి. పెద్దాయనకి అదే ఆఖరుది. అది నేను చూస్తుండగా జరగాలి. అంతే."

"దానికేం భాగ్యం, ఒట్టు" అన్నాడు ఉదయ్. నిజం చెప్పాలంటే ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ ఆదివారం రసజ్ఞ పెందలాడే వంట ముగించి, తలస్నానం చేసి, పండక్కి కూర్చున్నట్టు సోఫాలో కూర్చుంది. ఉదయ్ కోకాపేటలో చిన్న పనుందని వెళ్లాడు. ఆ చిన్న పని అతని మేనేజర్ నరేందర్ ఇల్లు. జీతాలు పెంచే అప్రైజల్స్ దగ్గరికొచ్చాయి, ఆ ఇంట్లో రేసు పార్టీ ఉంది. ‘మీరు ఊరికే ఉండండి సార్, రేసు నేను పెడతాను’ అని ఉదయే ముందు పడి మాటిచ్చాడు. గ్రూపులో నలుగురినీ ఈ పూటకి దూరంగా ఉండమన్నాడు. సార్ టీవీకి ఒకటి, రసకి ఒకటి, రెండూ సరిపోయాయని అతని లెక్క.

రేసు మొదలైంది. నాలుగో స్థానం నుంచి బయల్దేరిన పెద్దాయన సగం దూరం దాటేసరికి రెండోవాడయ్యాడు. ముందున్న కుర్రాడి టైర్లు అరిగిపోతున్నాయి. కొన్నేళ్లుగా గెలుపు మొహం చూడని మనిషి, ఆఖరి రోజున, ఒక్కొక్క చుట్టుకీ దగ్గరవుతున్నాడు. రసజ్ఞ కాళ్లు పైకి ముడుచుకుని, పిడికిళ్లు గడ్డం కింద పెట్టుకుని చూస్తోంది. ఇంకో పది చుట్లు ఉండగా తెర నల్లగా అయిపోయింది.

తెల్ల అక్షరాలతో అర్థం కాని భాషలో ఒక వాక్యం. ఈ సీజన్ అంతా చూసి చూసి దాని అర్థం ఆమెకు తెలుసు. రెండు తెరలూ నిండాయి, నీకు చోటు లేదు.

ఉదయ్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అటు నవ్వులు, గ్లాసుల చప్పుడు.

"ఉదయ్, ఎవరు చూస్తున్నారు? నాకు పోయింది!"

"ఒక్క పది నిమిషాలు ఓర్చుకో రసా" అతను గొంతు తగ్గించాడు. "హాల్లో ఒకటే అనుకున్నాను. సార్ బాల్కనీ టీవీలో కూడా పెట్టమన్నారు. అందరి ముందూ కాదనలేకపోయాను. ఎలాగూ రీప్లే..."

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు, ఇక్కడ పెళ్లాం సొమ్ము మొగుడు దానం చేశాడు. రసజ్ఞకు కళ్లు మసకబారాయి. ఫోన్ పెట్టెయ్యకుండానే అదే ఫోన్‌లో అకౌంటు తెరిచి, అన్ని తెరలనూ బయటికి పంపే మీట నొక్కింది. ఓటీపీ వచ్చింది. కొట్టింది.

కొట్టాక గుర్తొచ్చింది. దేశం మార్చి చూపే యాప్ టీవీలో ఉంది గానీ తన ఫోన్‌లో లేదు. చిన్న దేశపు అకౌంటుని హైదరాబాద్ నుంచి ఎవరో దొంగిలిస్తున్నారని కంపెనీ వాళ్ల కంప్యూటరు అనుకుంది. భద్రత కోసం ఈ అకౌంటు రేపటి దాకా ఆపేశామని మెయిల్ పంపింది. అది మాత్రం చక్కటి ఇంగ్లీషులో ఉంది.

స్పీకర్లో నరేందర్ గొంతు వినబడింది. "ఏందయ్యా ఉదయ్, గిట్ల బందైపాయె?"

"ఒక్క నిమిషం సార్, నెట్ ఏదో..."

"అరె, ఫికర్ జెయ్యకు. నా సొంత అకౌంట్ ఉంది గదా, ఏడాదిది. నువ్వు అంత ప్రేమగ పెడ్త అంటివని ఊకున్న. జర ఆ రిమోట్ ఇటియ్యి."

ఉన్నవాడికి పెట్టడానికి లేనిదాని ముందు నుంచి విస్తరి లాగేశాడన్నమాట అనుకుంది రసజ్ఞ. అంతలో ఫోన్లోంచి ఇంజిన్ల చప్పుడు వచ్చింది. ఇంగ్లీషు వ్యాఖ్యానం, గుండె అదిరేలా కార్ల రొద. సీజన్ అంతా తను వినని చప్పుడు. ఫోన్ చెవికి ఆనించుకుంది. ‘ఇంకా రెండే చుట్లు’ అంటున్నాడు వ్యాఖ్యాత. అప్పుడు ఉదయ్‌కి ఫోన్ ఇంకా నడుస్తోందని తెలిసినట్టుంది, కట్ చేశాడు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

రాత్రి అతను బిర్యానీ పొట్లంతో వచ్చాడు. క్షమాపణ చెబుతూ వస్తాడనుకుంది. తలుపు తియ్యగానే మొహం వెలిగిపోతూ లోపలికొచ్చాడు.

"రసా, మీ పెద్దాయన గెలిచాడు! చిట్టచివరి మలుపులో దాటేశాడు తెలుసా! కారు దిగి నేల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను కుర్చీలోంచి లేచి అరిచాను. సార్ నన్ను కావలించుకున్నారు. నీకెందుకింత పిచ్చో నాకు ఇవాళ అర్థమైంది."

అతని కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి. అదే ఆమె భరించలేకపోయింది.

"చెప్పేశావా" అంది మెల్లగా.

అప్పటికి గానీ అతనికి తలకెక్కలేదు. పొట్లం బల్ల మీద పెట్టి, చెప్పులు కూడా విప్పకుండా నిలబడ్డాడు. "మొత్తం నా తప్పే" అన్నాడు. ఆమె పొట్లం కింద ఒక పళ్లెం పెట్టింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

ఉదయ్ ఫోన్ తీశాడు. ఆఫర్ వెతకలేదు, కూపన్ అడగలేదు, ఏ దేశానికీ వెళ్లలేదు. మన దేశపు పూర్తి రేటు, ఏడాదంతటికీ, మరో ఆలోచన లేకుండా కట్టేశాడు. టీవీ వెలిగింది. సౌండు నిండుగా పెట్టాడు. కార్లు వరసలో నిలబడి గర్జిస్తుంటే హాలు కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. సోఫాలో ఆమె చోటు ఖాళీగా ఉంచి పక్కన కూర్చున్నాడు.

"రా రసా, మొదటి నుంచీ ఉంది. ఇద్దరం చూద్దాం."

రసజ్ఞ ఒక్క క్షణం తెరకేసి చూసింది. రెండో వరసలో పెద్దాయన కారు ఉంది, ఇంకా ఏమీ తెలియకుండా.

"నువ్వు చూడు" అని వంటగదిలోకి నడిచింది. "ఎవరు గెలుస్తారో నాకు తెలుసుగా."