ఊపిరి బిగబట్టిన కారు

డ్రైవింగ్ టీచరమ్మ పొద్దున్నే లేచి ముందు కారు అద్దాలు తుడుస్తుంది. బయటి మంచు కాదు, లోపలి ఆవిరి. ఆవిడ కారు నిద్రలో ఊపిరి తీసుకుంటుంది. బానెట్ మెల్లగా లేస్తుంది, మెల్లగా దిగుతుంది. ఒక్కోసారి గురక కూడా పెడుతుంది.

"మీ కారు మమ్మల్ని పడుకోనివ్వలేదండీ" అని ఎదురింటావిడ అంటే, "జలుబు చేసింది లెండి" అంటుంది టీచరమ్మ.

ఆవిడ కొడుకు కంటే పెద్దది ఆ కారు. ఊళ్లో స్టీరింగ్ పట్టినవాళ్లలో సగం మంది దాంట్లోనే నేర్చుకున్నారు. అలాంటి కారు పొగ పరీక్షలో తప్పింది. ఇంకొక్క అవకాశం ఇస్తామనీ, అప్పుడూ ఇంతే అయితే రోడ్డెక్కనివ్వమనీ చెప్పి పంపారు.

"నా దగ్గర నేర్చుకున్నవాళ్లు ఒక్కరూ పరీక్ష తప్పలేదు. చివరికి ఇది నా పరువు తీసింది" అంటూ టీచరమ్మ ఇంటికొచ్చి కూలబడింది. షెడ్డువాళ్లు కూడా చేతులెత్తేశారు.

ముందుగదిలో కుట్టుమిషన్లు బాగుచేసే కోడలు తలెత్తింది. "నేనోసారి విప్పి చూడనా అత్తయ్యా?"

"ఇదేమన్నా కుట్టుమిషను అనుకున్నావా?"

"కాదనుకోండి. మరలు మాత్రం మరలేగా."

వేరే దారిలేక టీచరమ్మ సరేనంది. కుర్చీ తెచ్చుకుని పక్కనే కాపలా కూర్చుంది. "నెమ్మది! దానికి చక్కిలిగింతలెక్కువ."

కోడలు కార్బురేటర్ విప్పి పెట్రోలుతో కడిగింది. సన్నటి రంధ్రంలో పేరుకున్న మడ్డిని తీసింది. మసిబారిన ప్లగ్గులు మార్చింది. ఇంజను నడుస్తుండగా చెవి ఆనించి, దగ్గు ఆగేదాకా మరను కొద్దికొద్దిగా తిప్పింది. టీచరమ్మ ఇంజను చప్పుడు విని "ఊఁ" అంది. అంతకు మించి ఆవిడ నోటి నుంచి మెప్పు ఎవరూ వినలేదు.

పరీక్ష కేంద్రంలో కొత్త కార్ల వరస మధ్య పాతది మెరుస్తూ నిలబడింది. తనిఖీ అధికారి పొగగొట్టంలో పైపు పెట్టి మిషను వంక చూశాడు. సున్నా.

"ఊపిరి బిగబట్టిందండీ" అన్నాడు మామూలుగా. "పాత బళ్లకి భయం. వదిలితేగానీ పాస్ చెయ్యలేను."

ఇంజను గిజగిజలాడుతోంది. ఇంకాసేపుంటే ఆగిపోయేలా ఉంది.

"వదులు!" అని గదమాయించింది టీచరమ్మ. ఎన్నడూ ఆవిడ మాట జవదాటని కారు ఇంకాస్త బిగుసుకుంది. అప్పుడు తెలిసింది ఆవిడకి, తనూ ఊపిరి బిగబట్టే ఉందని. తన పరువు కోసమే ఇదీ భయపడుతోంది.

కోడలు బానెట్ మీద చెయ్యి వేసింది. "నీ లోపలంతా చూశాను కదే. శుభ్రంగా ఉన్నావు. వదిలెయ్."

కారు వదిలింది. చాలాకాలంగా దాచుకున్నదంతా ఒక్క నిట్టూర్పుగా వచ్చేసింది. కోడలి కొంగు ఎగిరింది. మిషను మీద అంకె పైకి పాకి, హద్దుకు చాలా కింద ఆగింది.

"పాస్! ఎవరమ్మా సెట్ చేసింది?"

"మా కోడలు" అంది టీచరమ్మ. వరసలో ఆఖరి కారుదాకా వినబడేలా మళ్లీ అంది, "మా కోడలేనండీ!"

కోడలు అలవాటు ప్రకారం వెనక తలుపు తియ్యబోయింది. తలుపు రాలేదు. డ్రైవరు తలుపు మాత్రం దానంతటదే తెరుచుకుంది. ఊరంతా నేర్చుకున్నా ఆ పిల్ల ఎప్పుడూ అడగలేదు, ఈవిడ ఎప్పుడూ రమ్మనలేదు. అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నాకు రాదత్తయ్యా."

"నాకు నేర్పడం వచ్చుగా. ఎక్కు."

మరుసటి పరీక్ష నాటికి ఆ కారులో పాఠాలు చెప్పేది కోడలే. ఈ మొదటి రోజు మాత్రం పరీక్ష కేంద్రం గేటు దాటకుండానే బండి మూడుసార్లు ఆగింది. వెనకాల హారన్లు మోత మోగించాయి. టీచరమ్మ కిటికీలోంచి సగం బయటికి వాలి, అందరికేసి చెయ్యి చాపింది.

"ఆగండయ్యా! మా కోడలు నేర్చుకుంటోంది!"